ఊగే నేల... సోఫియా ఊరు!

కాళ్ల కింద నేల కొన్నాళ్లు కుంగుతుంది. కొన్నాళ్లు పైకి లేస్తుంది. ఇటలీలోని ఆ చిన్న రేవుపట్నంలో ఆకలితో, బాంబుల భయంతో పెరిగిన ఓ బక్కపిల్ల హాలీవుడ్ దాకా వెళ్లింది. 70 ఏళ్లపాటు ప్రపంచ తెరమీద నిలబడింది. ఆ అమ్మాయి సోఫియా లారెన్. ఆ ఊరు పొజ్జువోలి. ఆమె ఎన్ని దేశాలు తిరిగినా, గొప్ప పేరు తెచ్చిన పాత్రలన్నీ ఆ నేలకు దగ్గరగా పుట్టినవే.

సిమెంటు బస్తా మీద ఊరి పేరు

ఇల్లు కట్టించినవాళ్లకు పీపీసీ సిమెంటు గురించి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. ఆ మూడక్షరాలకు అర్థం పోర్ట్‌ల్యాండ్ పోజొలానా సిమెంట్. ఇందులో 'పోజొలానా' అన్నది ఓ ఊరి పేరు నుంచి వచ్చింది. నేపుల్స్ నగరానికి పడమరగా సుమారు 15 కిలోమీటర్ల దూరంలో, సముద్రపు ఒడ్డున ఉన్న పొజ్జువోలే ఆ ఊరు. అక్కడ దొరికే అగ్నిపర్వతపు బూడిదను సున్నంలో కలిపితే నీళ్లలో సైతం గట్టిపడుతుందని రెండు వేల ఏళ్ల కిందటే రోమన్లు కనిపెట్టారు. దాంతో రేవులు కట్టారు. ఇప్పుడు మన దగ్గర ఆ బూడిద బదులు ఎక్కువగా థర్మల్ కేంద్రాల నుంచి వచ్చే బూడిద కలుపుతున్నారు. పేరు మాత్రం అదే ఉండిపోయింది.

అంత గట్టి సరుకును లోకానికి ఇచ్చిన ఊరికి తన కింద నేల మాత్రం గట్టిది కాదు. పొజ్జువోలి ఉన్నది కొండ మీదా కాదు, మైదానంలోనూ కాదు... ఓ పెద్ద అగ్నిపర్వతం నోట్లో! ఈ ప్రాంతాన్ని 'కాంపి ఫ్లెగ్రెయి' అంటారు. మండే పొలాలని అర్థం. 1538లో ఇక్కడ నేల చీలి, వారం రోజుల్లో ఏకంగా ఓ కొత్త కొండే లేచింది. దానికి 'మోంతే నువోవో' అని పేరు పెట్టారు. అంటే కొత్త కొండ అనే!

ఇప్పటికీ ఇక్కడి నేల ఊపిరి తీసుకున్నట్టే లేస్తూ కుంగుతూ ఉంటుంది. శాస్త్రవేత్తలు దీన్ని 'బ్రాడిసీజం' అంటారు. రుజువు ఊరి మధ్యలోనే ఉంది. రేవుకు దగ్గర్లో పాత రోమన్ల అంగడి శిథిలాల్లో మూడు పాలరాతి స్తంభాలు నిలబడి ఉంటాయి. కింది భాగం నున్నగా ఉంటుంది. మనిషి ఎత్తుకు రెండింతలు పైకి వెళ్తే చాలు, రాయంతా తూట్లే. ఆ తూట్లు పొడిచినవి సముద్రంలో బతికే నత్తగుల్లల్లాంటి జీవులు. అంటే ఒకప్పుడు ఆ స్తంభాలు అంత ఎత్తున సముద్రంలో మునిగి, మళ్లీ పైకొచ్చాయన్నమాట. స్కాట్లండుకు చెందిన భూగర్భ శాస్త్రవేత్త చార్లెస్ లయల్ 1830లో అచ్చువేసిన తన ప్రసిద్ధ గ్రంథానికి ముఖచిత్రంగా ఈ స్తంభాల బొమ్మనే పెట్టుకున్నాడు.

సోల్ఫతారా వీధిలో...

రేవు నుంచి ఓ వీధి మెలికలు తిరుగుతూ పైకి ఎక్కుతుంది. రోమన్ల కాలంనాటి పెద్ద క్రీడారంగం దగ్గరగా సాగి, గంధకపు పొగలు కక్కే సోల్ఫతారా అగ్నిబిలం దగ్గరికి చేరుతుంది. కొలోసియం, కాపువా తర్వాత ఇటలీలో అంత పెద్ద క్రీడారంగం ఇదే. మృగాలను బంధించిన నేలమాళిగలు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. గాలి అటునుంచి వీస్తే కుళ్లిన కోడిగుడ్ల వాసన వస్తుంది. అది గంధకం వాసన.

సోఫియా బాల్యమంతా ఈ సోల్ఫతారా వీధిలోనే గడిచింది. పుట్టింది మాత్రం ఇక్కడ కాదు. 1934 సెప్టెంబరు 20న రోమ్‌లోని ఓ ఆసుపత్రిలో. తల్లి రొమీల్దా విల్లాని పియానో వాయించేది, అందగత్తె. హాలీవుడ్ తార గ్రేటా గార్బోను పోలిన అమ్మాయిల కోసం పెట్టిన పోటీలో నెగ్గింది. అమెరికా వెళ్లే అవకాశం వచ్చింది. కానీ ఇంట్లో ససేమిరా అన్నారు. ఆ కల అక్కడే ఆగిపోయింది. తర్వాత రోమ్ వెళ్లిన రొమీల్దా, రికార్డో షికొలోనె అనే అతన్ని నమ్మింది. ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. అతను పెళ్లి మాత్రం చేసుకోలేదు.

పసిబిడ్డను చంకనేసుకుని రొమీల్దా పుట్టింటికి వచ్చేసింది. అప్పటి ఇటలీలో పెళ్లికాని తల్లి అంటే ఎన్ని మాటలు పడాలో చెప్పనక్కర్లేదు. అయినా అమ్మమ్మ లూయిజా, తాతయ్య దొమెనికో తలుపు వేయలేదు. తాతయ్య ఆయుధాల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. చాలీచాలని జీతం. అందులోనే అందరూ సర్దుకోవాలి. సోఫియా ఎంత సన్నగా ఉండేదంటే, బడిలో పిల్లలు పళ్లు కుట్టుకునే పుల్ల అని వెక్కిరించేవారు.

సొరంగంలో నిద్ర

రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక ఆ వెక్కిరింతలు కూడా గుర్తుకు రానంత కష్టం మొదలైంది. ఊళ్లో రేవు ఉంది, ఆయుధాల ఫ్యాక్టరీ ఉంది. శత్రు విమానాలకు ఇంతకంటే ఏం కావాలి? రాత్రయితే సైరన్ మోగేది. జనమంతా రైలు సొరంగంలోకి పరుగెత్తేవారు. పరుపులు, దుప్పట్లు పట్టాల మీదే పరుచుకునేవారు. తెల్లవారుజామున మొదటి రైలు వచ్చేలోపు లేచి బయటపడాలి. ఎలుకలు, పురుగులు, చీకటి... చీకటంటే భయం ఆ రాత్రుల నుంచే పట్టుకుందని సోఫియా పెద్దయ్యాక చెప్పుకుంది. ఓసారి అలా పరుగెత్తుతుంటే బాంబు ముక్క తగిలి గడ్డం చీలింది.

యుద్ధం ముదిరాక ఊరంతా ఖాళీ చేయమన్నారు. విల్లాని కుటుంబం నేపుల్స్‌లో దూరపు బంధువుల ఇంట తలదాచుకుంది. తిండి లేదు, నీళ్లు లేవు. తల్లి ఎక్కడినుంచో రొట్టెముక్క తెచ్చి పిల్లల చేతిలో పెట్టి, తాను పస్తుండేది.

యుద్ధం తిరగబడి అమెరికన్ సైనికులు వచ్చాక కుటుంబం పొజ్జువోలికి తిరిగొచ్చింది. అప్పుడు అమ్మమ్మ లూయిజా ఓ ఉపాయం ఆలోచించింది. ఇంటి ముందుగదినే చిన్న మద్యం దుకాణంగా మార్చేసింది. చెర్రీ పళ్లతో తనే సారా కాచేది. రొమీల్దా పియానో వాయిస్తే, చిన్నకూతురు మరియా పాడేది. సోఫియా బల్లల దగ్గరికి గ్లాసులు అందించేది, తర్వాత వాటిని కడిగేది. ఇంటి బెంగతో ఉన్న సైనికులు సాయంత్రమయితే చాలు అక్కడ వాలేవారు. ఖాళీ దొరికితే సోఫియా ఊళ్లోని సినిమాహాలుకి పరుగెత్తేది. టైరోన్ పవర్ నటించిన 'బ్లడ్ అండ్ శాండ్' ఎన్నిసార్లు చూసిందో!

కర్టెన్ గుడ్డతో గౌను

పద్నాలుగు, పదిహేనేళ్లు వచ్చేసరికి పుల్లలాంటి పిల్ల ఉన్నట్టుండి విరబూసింది. వీధిలో నడుస్తుంటే జనం తిరిగి చూడటం మొదలుపెట్టారు. అప్పుడే నేపుల్స్‌లో 'సాగర రాణి' అందాల పోటీ పెడుతున్నారని తెలిసింది. తన కల కూతురి రూపంలో తీరుతుందేమోనని తల్లికి ఆశ పుట్టింది. మరి వేసుకోవడానికి బట్టలేవి? అమ్మమ్మ కిటికీకి వేలాడుతున్న గులాబీరంగు కర్టెన్ తీసి గౌను కుట్టేసింది. నల్లబూట్లకు తెల్లరంగు పూశారు. వాన పడకూడదని దండం పెట్టుకుంటూ రైలెక్కారు.

రాణి కిరీటం దక్కలేదుగానీ, రాణి చుట్టూ ఉండే రాకుమార్తెల్లో ఒకరిగా ఎంపికైంది. బహుమతిగా కొంత నగదు, గోడలకు అంటించే కాగితం చుట్టలు, రోమ్‌కు రైలు టికెట్టు వచ్చాయి. కాగితం చుట్టలు ఇంటిగోడకెక్కాయి. టికెట్టు జీవితాన్ని మలుపు తిప్పింది.

రోమ్ శివార్లలోని సినిచిత్తా స్టూడియో 1937లో ముస్సోలినీ ప్రారంభించినది. యుద్ధం తర్వాత కొన్నాళ్లు నిరాశ్రయుల శిబిరంగా మారింది. 1950 వచ్చేసరికి మళ్లీ కళకళలాడుతోంది. ఖర్చు తక్కువని హాలీవుడ్ సంస్థలు అక్కడికే వచ్చి సినిమాలు తీయసాగాయి. 'క్వో వాడిస్' (1951) కోసం వేలమంది గుంపు కావాల్సి వచ్చింది. తల్లీకూతుళ్లిద్దరూ వరుసలో నిలబడ్డారు. ఇంగ్లిష్ వచ్చా అని దర్శకుడు మెర్విన్ లెరాయ్ అడిగాడు. ఏమడిగినా 'యెస్' అనమని తల్లి ముందే చెప్పింది. అలాగే అంది. రెండో ప్రశ్నకూ యెస్, మూడోదానికీ యెస్. విషయం అర్థమై ఆయన నవ్వేశాడట. గుంపులో చోటు దొరికింది.

అక్కణ్నుంచి బొమ్మల నవలల్లో ఫొటోలకు పోజులు, చిన్నాచితకా వేషాలు. 'సోఫియా లజ్జారో' అన్న పేరు కొన్నాళ్లు, ఆపైన 'లారెన్'. ముక్కు పొడుగ్గా ఉంది, కెమెరాకు నప్పదు అని ఛాయాగ్రాహకులు పెదవి విరిచారు. కోత పెట్టించుకుంటే బాగుంటుందని ఆమెకు అవకాశాలిప్పిస్తున్న నిర్మాత కార్లో పొంతీ కూడా సూచించాడు. సోఫియా ఒప్పుకోలేదు. ఆ ముక్కుతోనే జీవితమంతా నెగ్గుకొచ్చింది.

తొలినాళ్ల సంపాదనతో ఆమె ఏం చేసిందో తెలుసా? తండ్రికి డబ్బిచ్చి, చెల్లెలు మరియాకు ఇంటిపేరు ఇప్పించింది. సోఫియాకైతే తండ్రి తన పేరు ఇచ్చాడు, చెల్లెలికి ఇవ్వనన్నాడు. బడిలో, ఊళ్లో చెల్లెలు పడ్డ అవమానం అక్కకు గుర్తుంది.

వీధిలో దొరికిన నటన

1954లో దర్శకుడు విట్టోరియో డి సికా 'లోరో ది నాపొలి' (నేపుల్స్ బంగారం) తీస్తున్నాడు. మన పాతతరం సినీ ప్రియులకు ఆయన 'బైసికిల్ థీవ్స్' దర్శకుడిగా బాగా తెలుసు. 1952లో మనదేశంలో మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవం జరిగినప్పుడు ఆ సినిమా ప్రదర్శించారు. ఆ ఉత్సవం మద్రాసుకూ వచ్చింది.

డి సికా కూడా నేపుల్స్ ప్రాంతంతో అనుబంధం ఉన్నవాడే. సోఫియాకు పరీక్షలేమీ పెట్టకుండానే వేషం ఇచ్చాడు. వీధిలో నూనెలో వేయించిన పిజ్జాలు అమ్మే పడుచు పాత్ర అది. ఇవాళ తినండి, వారం తర్వాత డబ్బులివ్వండి అనే అరువు వ్యాపారం! ఆమె పెళ్లి ఉంగరం కనబడకుండా పోతుంది. పిండిలో పడిందేమోనని అమాయక భర్త, పిజ్జాలు కొన్నవాళ్లందరి ఇళ్లకూ పరుగు. అసలది ఎక్కడ పోయిందో ఆమెకొక్కదానికే తెలుసు! అందులో ఆమె చేసినదంతా పొజ్జువోలిలో, నేపుల్స్ సందుల్లో రోజూ చూసిన ఆడవాళ్ల నడక, అరుపు, నవ్వు. ఇటలీ అంతా ఆమెను గుర్తుపట్టింది.

అదే ఏడాది మార్సెల్లో మాస్త్రొయాన్నితో మొదటిసారి జంటగా నటించింది. ఆ జోడీ 40 ఏళ్లపాటు, పదికి పైగా సినిమాల్లో సాగింది. 1994లో 'ప్రెటాపోర్టె' దాకా.

సముద్రాలు దాటి...

1956లో స్పెయిన్‌లో 'ది ప్రైడ్ అండ్ ది ప్యాషన్' షూటింగ్. పక్కన ఎవరనుకున్నారు? కేరీ గ్రాంట్, ఫ్రాంక్ సినాట్రా! సోఫియాకు ఇంగ్లిష్ అంతంత మాత్రం. రోజూ పాఠం అప్పజెప్పినట్టు డైలాగులు నేర్చుకునేది. ఆ తర్వాత గ్రీసు దీవుల్లో 'బాయ్ ఆన్ ఎ డాల్ఫిన్', ఎడారిలో జాన్ వేన్‌తో 'లెజెండ్ ఆఫ్ ది లాస్ట్'. పారమౌంట్ సంస్థ ఐదు సినిమాలకు ఒప్పందం కుదుర్చుకుంది. తల్లికి దక్కని హాలీవుడ్‌లో కూతురు కాలుపెట్టింది.

క్లార్క్ గేబుల్, ఆంథొనీ క్విన్, చార్ల్‌టన్ హెస్టన్, గ్రెగరీ పెక్, మార్లన్ బ్రాండో... ఆ కాలపు పెద్ద హీరోల్లో ఆమె పక్కన నటించనివాళ్లను వెతుక్కోవాలి. చార్లీ చాప్లిన్ తీసిన ఆఖరి సినిమా 'ఎ కౌంటెస్ ఫ్రమ్ హాంకాంగ్' (1967)లోనూ ఆమే నాయిక. బెర్నార్డ్ షా నాటకం ఆధారంగా తీసిన 'ది మిలియనీరెస్' (1960)లో ఆమె మనసుపడేది లండన్‌లో పేదలకు వైద్యంచేసే ఓ భారతీయ డాక్టరు మీద. ఆ డాక్టరుగా వేసింది బ్రిటిష్ హాస్యనటుడు పీటర్ సెల్లర్స్.

పేరొచ్చింది, డబ్బొచ్చింది. 'ది బ్లాక్ ఆర్కిడ్'కు 1958లో వెనిస్ ఉత్సవంలో ఉత్తమ నటి పురస్కారమూ వచ్చింది. అయితే హాలీవుడ్ ఆమెలో ఎక్కువగా చూసింది విదేశీ అందాన్నే. పాత్రలు మారినా ఇచ్చేవి చాలావరకు తళుకుబెళుకుల వేషాలే. లోపల దాచుకున్న రైలు సొరంగం, పస్తులున్న తల్లి... వాటి కోసం మళ్లీ ఇటలీకే రావాల్సి వచ్చింది.

అమ్మను గుర్తుచేసుకుని...

అల్బెర్టో మొరావియా నవల 'లా చొచారా' 1957లో వచ్చింది. రోమ్‌లో కిరాణాకొట్టు నడిపే ఓ వితంతువు బాంబుల నుంచి కూతుర్ని కాపాడుకోవాలని సొంత పల్లెకు పారిపోతుంది. యుద్ధం ఇక అయిపోయింది, బతికాం అనుకుంటున్న సమయంలో ఓ పాడుబడ్డ చర్చిలో సైనికుల అఘాయిత్యానికి తల్లీకూతుళ్లిద్దరూ బలైపోతారు. కాపాడుకోవాలనుకున్నదాన్ని కాపాడుకోలేకపోయిన తల్లి కథ అది.

డి సికా దర్శకుడు. తల్లిగా మహానటి ఆన్నా మాన్యానీని, కూతురిగా సోఫియాను అనుకున్నారు. సోఫియాకు తల్లిగా నేను చేయనని మాన్యానీ తప్పుకుంది. కావాలంటే తల్లి వేషం ఆమెతోనే వేయించుకోండి అందట. డి సికాకు ఆ మాట పట్టుకుంది. కూతురి వయసును పన్నెండు, పదమూడేళ్లకు తగ్గించి, 25 ఏళ్ల సోఫియాను తల్లిని చేశాడు. మేకప్ లేదు, మంచి బట్టల్లేవు. దుమ్ములో, రోడ్డు మీద కూలబడి ఏడ్చే తల్లి.

ఆ పాత్రకు ఆమె మోడల్ కోసం వెతుక్కోలేదు. సైరన్ మోగగానే ఇద్దరు పిల్లల్ని లాక్కుని పరుగెత్తిన రొమీల్దాను గుర్తుచేసుకుంది. తన తల్లి అప్పుడు పడ్డ భయాన్నే తెరమీద పెట్టింది. 1961లో కేన్స్‌లో ఉత్తమ నటి పురస్కారం వచ్చింది. ఆస్కార్‌కూ పేరు వెళ్లింది. గెలిచినా, ఓడినా అక్కడే కళ్లుతిరిగి పడిపోతానేమోనన్న భయంతో సోఫియా అమెరికా వెళ్లలేదు, రోమ్‌లో ఇంట్లోనే ఉండిపోయింది. రాత్రంతా నిద్రలేదు. అక్కడ 1962 ఏప్రిల్ 9 రాత్రి. ఇక్కడ తెల్లవారాక ఫోన్ మోగింది. చేసింది కేరీ గ్రాంట్. నువ్వు గెలిచావు! ఇంగ్లిష్‌లో కాకుండా వేరే భాషలో నటించిన పాత్రకు నటన ఆస్కార్ రావడం అదే మొదటిసారి. హాలీవుడ్‌కి వెళ్లి ఇంగ్లిష్‌లో చేసిన సినిమాలకు రాని ఆస్కార్, ఇంట్లో కూర్చుని సొంత భాషలో చేసిన సినిమాకు వచ్చింది.

పెళ్లికోసం దేశం మారి...

తెరమీద ఇంత వెలుగున్నా, ఇంట్లో చిక్కులు తప్పలేదు. కార్లో పొంతీ ఆమెకంటే 20 ఏళ్లకు పైగా పెద్ద. అప్పటికే పెళ్లయినవాడు. ఇటలీలో విడాకుల చట్టం వచ్చిందే 1970లో. అందుకని 1957లో మెక్సికోలో విడాకులు, పెళ్లి రెండూ జరిపించారు. వధూవరులు అక్కడ లేరు. వాళ్ల తరఫున ఇద్దరు లాయర్లు నిలబడి తంతు కానిచ్చారు! ఇటలీలో ఆ పెళ్లి చెల్లలేదు. రెండో పెళ్లి చేసుకున్నాడని పొంతీ మీద కేసు. ఆమె మీదా కేసు. చర్చి పెద్దలు మండిపడ్డారు. చివరికి 1962లో ఆ పెళ్లిని రద్దు చేయించుకుని, ఫ్రెంచి పౌరసత్వం తీసుకుని, 1966లో ఫ్రాన్స్‌లో మళ్లీ పెళ్లి చేసుకున్నారు. తల్లికి దక్కని పెళ్లి కూతురికి అంత కష్టం మీద దక్కింది.

విచిత్రం ఏమిటంటే, ఈ గొడవలన్నీ నడుస్తున్నప్పుడే ఆమె డి సికా దర్శకత్వంలో నేపుల్స్ ఆడవాళ్ల పాత్రలు రెండు అద్భుతంగా చేసింది. 'యెస్టర్‌డే, టుడే అండ్ టుమారో' (1963)లో ఫొర్చెల్లా సందుల్లో దొంగ సిగరెట్లు అమ్ముకునే అదెలీనా. గర్భిణిని, పసిబిడ్డ తల్లిని జైల్లో పెట్టకూడదన్న నిబంధన పట్టుకుని, పోలీసులకు దొరకకుండా పిల్లల మీద పిల్లల్ని కంటూ పోతుంది! ఈ సినిమాకు ఉత్తమ విదేశీ చిత్రంగా ఆస్కార్ వచ్చింది. మరుసటి ఏడాది 'మ్యారేజ్ ఇటాలియన్ స్టైల్'. ఏళ్ల తరబడి వాడుకుని వదిలేయబోతున్న మగాడితో ఎలాగైనా తాళి కట్టించుకోవాలని పంతం పట్టిన ఫిలుమేనా పాత్ర. దీనికీ ఆమె పేరు ఆస్కార్ బరిలో నిలిచింది. రెండింటిలోనూ ఎదురుగా మాస్త్రొయాన్నే.

ఊరు లేచింది, జనం కదిలారు

1970లో 'సన్‌ఫ్లవర్' విడుదలైంది. యుద్ధంలో తప్పిపోయిన భర్తను వెతుక్కుంటూ రష్యా వెళ్లిన ఇటలీ స్త్రీ కథ. సోవియట్ యూనియన్‌లో షూటింగ్ జరుపుకొన్న తొలి పాశ్చాత్య చిత్రాల్లో అదొకటి. కనుచూపు మేర పొద్దుతిరుగుడు పూల మధ్య ఆమె నడుస్తూ ఉంటుంది.

అదే ఏడాది మార్చి 2న పొజ్జువోలిలో వేరే వెతుకులాట మొదలైంది. నేల లేస్తోందని, రేవు పక్కనున్న రియోనే తెర్రా గుట్ట మీది పాత పేటను ఒక్కసారిగా ఖాళీ చేయించారు. పోలీసులు, సైనికులు వచ్చి ఇళ్లు వదలమన్నారు. సుమారు 3,000 మంది ఉన్నపళంగా మూటాముల్లె సర్దుకున్నారు. ఎక్కువమంది జాలర్లు, పేదలు. తరతరాలుగా అక్కడ బతికినవాళ్లు మళ్లీ ఆ గుమ్మాలు తొక్కలేదు. దశాబ్దాల తర్వాత ఆ ఖాళీ ఇళ్ల కింద తవ్వితే రోమన్ల వీధులు, దుకాణాలు, రొట్టెల భట్టీలు బయటపడ్డాయి.

1982లో నేల మళ్లీ కదిలింది. ఈసారి రెండేళ్లలో దాదాపు 1.8 మీటర్లు లేచింది. రేవులో నీళ్లు తగ్గిపోయి పడవలు నేలకు ఆనుకున్నాయి. వరసగా చిన్నచిన్న భూకంపాలు. 40,000 మంది ఊరు వదలాల్సి వచ్చింది. వాళ్లకోసం ఊరి అవతల మోంతెరుషెల్లో అనే కొత్త పేటనే కట్టారు.

సోఫియాకూ ఆ ఏడాది గట్టి దెబ్బే. పన్నుల కేసులో ఇటలీ కోర్టు జైలుశిక్ష వేసింది. అప్పటికి విదేశంలో ఉంటున్న ఆమె కావాలంటే రాకుండా ఉండిపోవచ్చు. కానీ తల్లిని, చెల్లిని, సొంతదేశాన్ని చూడకుండా ఎన్నాళ్లుండగలదు? తనంతట తానే విమానం దిగి లొంగిపోయింది. నేపుల్స్‌కి ఉత్తరంగా ఉన్న కసెర్తా జైల్లో 17 రోజులు గడిపింది. 1974 నాటి ఆదాయానికి సంబంధించిన మరో పన్ను కేసు అలా సాగుతూనే ఉంది. చివరకు 2013లో అత్యున్నత న్యాయస్థానం ఆమె వాదనే ఒప్పని తేల్చింది.

86 ఏళ్ల నాయిక

నలభై దాటాక నాయికలకు పాత్రలు ఉండవంటారు. సోఫియా 1977లో 'ఎ స్పెషల్ డే' చేసింది. 1938 మేలో హిట్లర్ రోమ్ పర్యటనకు వచ్చినప్పటి ఓ రోజు. జనమంతా ఊరేగింపుకు వెళ్లగా, ఆరుగురు పిల్లల తల్లి వెలిసిపోయిన గౌనుతో ఇంట్లో ఒంటరిగా మిగిలిపోతుంది. ఆ ఒక్కరోజు కథ. కూతుళ్లలో ఒకరిగా నటించిన పాప సోఫియా చెల్లెలి బిడ్డ అలెస్సాంద్రా. ఆ పాప ముస్సోలినీకి సొంత మనవరాలు. మరియా పెళ్లాడింది ముస్సోలినీ కొడుకు రొమానోను. ఇంటిపేరు కోసం అల్లాడిన పిల్ల అంత పేరున్న ఇంటికి కోడలైంది.

1991 మార్చిలో సోఫియాకు గౌరవ ఆస్కార్ ఇచ్చారు. అదే ఏడాది రొమీల్దా కన్నుమూసింది. 1999లో ఉత్తమ విదేశీ చిత్రం కవరు విప్పి, సోఫియా సంతోషం పట్టలేక 'రొబెర్తో!' అని కేకేసింది. ఆ కేకకు దర్శకుడు రొబెర్తో బెనీనీ కుర్చీలెక్కి దూకుతూ వేదికకు వచ్చాడు. 2007లో పొంతీ జెనీవాలో చనిపోయాడు. అర్ధశతాబ్దపు తోడు పోయింది.

2010లో చెల్లెలు మరియా రాసిన పుస్తకం ఆధారంగా ఇటలీ టీవీకోసం తీసిన సినిమాలో, 75 ఏళ్ల సోఫియా తన తల్లి రొమీల్దా పాత్ర వేసింది. ఏ ఇంట్లో అవకాశాన్ని వద్దన్నారో, ఆ ఇంటి కథలో తల్లి ఆఖరికి తెరకెక్కింది... కూతురి ముఖంతో!

2020లో 'ది లైఫ్ అహెడ్' వచ్చింది. దర్శకుడు ఎవరో కాదు, చిన్నకొడుకు ఎదువార్దో పొంతీ. దక్షిణ ఇటలీలోని బారి పట్నంలో పరాయి పిల్లల్ని సాకే మేడమ్ రోజా పాత్ర. నాజీల శిబిరాల్లో నరకం చూసి బతికొచ్చిన ముసలామె, ఆఫ్రికా నుంచి వచ్చిన ఓ అనాథ కుర్రాడు. భయమేస్తే ఆమె నేలమాళిగలోకి వెళ్లి దాక్కుంటుంది. చిన్నప్పుడు సొరంగంలో పడుకున్న సోఫియాకు ఆ భయం కొత్తేమీ కాదు. 2021లో ఇటలీ ఇచ్చే దావిద్ ది దొనతెల్లో ఉత్తమ నటి పురస్కారం దానికి వచ్చింది. అప్పటికి ఆమెకు 86 ఏళ్లు. 2023లో జెనీవా ఇంట్లో జారిపడి తుంటి ఎముక విరిగింది, శస్త్రచికిత్స జరిగింది. 2024 సెప్టెంబరులో 90వ పుట్టినరోజు వేడుక రోమ్‌లో జరుపుకొంది.

మళ్లీ లేస్తోంది...

పొజ్జువోలి నేల 2005 నుంచి మళ్లీ పైకి లేస్తోంది. ఇప్పటికే మీటరుకు పైగా లేచింది. 2024 మే 20 రాత్రి 4.4 తీవ్రతతో భూకంపం వచ్చింది. జనం కార్లలో, రోడ్ల మీద తెల్లవార్లూ కూర్చున్నారు. 2025లో మార్చి 13న, జూన్ 30న అంతకంటే పెద్దవి, 4.6 తీవ్రతతో వచ్చాయి. అగ్నిపర్వతం పేలుతుందా, 1984లో లాగే సద్దుమణుగుతుందా అన్నది శాస్త్రవేత్తలు అనుక్షణం గమనిస్తున్నారు.

అయినా ఊరు బతుకుతూనే ఉంది. చేపల బజారు తెల్లవారే తెరుచుకుంటుంది. ఇస్కియా, ప్రోచిదా దీవులకు పడవలు బయల్దేరుతాయి. గోడ బీటలిస్తే కొలిచి చూసుకుని, పూత వేసుకుంటారు. పిల్లలకు బడిలో భూకంపం వస్తే ఏం చేయాలో నేర్పిస్తారు. ఒకప్పుడు సైరన్ మోగితే ఏ సొరంగంలోకి పరుగెత్తాలో నేర్పినట్టే. ఊరు వదిలి వెళ్లిపొమ్మంటే చాలామంది ఒప్పుకోరు. వెళ్లినవాళ్లు కూడా ఏదో ఒకరోజు రేవు దగ్గరికి వచ్చి కాసేపు నిలబడి పోతారు.

వాళ్లలో అందరికంటే దూరం వెళ్లింది సోఫియా. ఆమె మళ్లీ ఆ ఊళ్లో కాపురం పెట్టలేదు. కానీ తెరమీద ఏడవాల్సి వచ్చినా, పోట్లాడాల్సి వచ్చినా, పిల్లల్ని పొదువుకుని పరుగెత్తాల్సి వచ్చినా ఆమె వెతుక్కున్నది సోల్ఫతారా వీధిలోని ఆ ఇంటినే. అమ్మమ్మ ముందుగది, తల్లి పియానో, కడగాల్సిన గ్లాసులు... అన్నీ అక్కడే ఉన్నాయి.

వెళ్లాలనుకుంటే...

నేపుల్స్‌లోని మోంతెసాంతో స్టేషన్ నుంచి కుమానా రైలెక్కితే సముద్రం పక్కగా పొజ్జువోలి చేరుకోవచ్చు. ప్రధాన స్టేషన్ నుంచి మెట్రో రెండో లైనులోనూ వెళ్లొచ్చు. తూట్ల స్తంభాలున్న పాత అంగడిని వీధి మీద నుంచే చూడొచ్చు. క్రీడారంగానికి అక్కణ్నుంచి నడిచి వెళ్లిపోవచ్చు. రియోనే తెర్రా గుట్ట మీద గుడి తప్పక చూడాలి. 1964లో మంటలంటుకుని చర్చి కాలిపోతే, దాని గోడల్లో దాగిన రోమన్ల గుడి స్తంభాలు బయటపడ్డాయి. రెండింటినీ కలిపి బాగుచేసి 2014లో తిరిగి తెరిచారు. సోల్ఫతారా బిలంలో 2017 సెప్టెంబరులో ఒకే కుటుంబంలోని ముగ్గురు ప్రాణాలు కోల్పోయాక సందర్శకులను ఆపేశారు. నేల కదలికలను బట్టి మిగతా చోట్లా వేళలు మారుతుంటాయి కాబట్టి, బయల్దేరే ముందే కనుక్కోవడం మంచిది.